న్యూట్రల్ మాస్టారి నేరం

పోయిన వారం సంచికలో నన్ను కొండరోడ్డు మూడో మలుపులో ఎండన పడేసి మీరంతా హాయిగా పేజీ తిప్పేశారు. తిప్పండి, మిమ్మల్ని అని ఏం లాభం. నేను మాత్రం అక్కడ నలభై నిమిషాలు నిలబడ్డాను. ఆగిపోయిన కారు నాది. వెనక సీట్లో, అప్పుడే డయాలసిస్ చేయించుకుని తల వాల్చేసిన మనిషి లెక్కల టీచరమ్మ, రిటైరై పద్నాలుగేళ్లయింది. వేరే టాక్సీ వచ్చి ఎక్కించుకెళ్లేలోపు ఆవిడ రెండుసార్లు "టైమెంత?" అని అడిగింది. మూడోసారి అడగలేదు. నేనే వంగి ఆవిడ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

ఆవిడకేమీ కాలేదు. కాకపోవడమే కాదు, మర్నాడు మధ్యాహ్నం మూడింటికల్లా వర్క్‌షాపుకి స్వయంగా వచ్చి, కుర్చీ అడిగి వేయించుకుని, చేతికర్ర మోకాళ్ల మీద అడ్డంగా పెట్టుకుని కూర్చుంది. "నా ప్రాణం మీదకి తెచ్చింది ఎవరో నా కళ్లముందే తేలాలి" అంది.

క్లినిక్ పేషెంట్లని ఇళ్ల నుంచి తెచ్చి మళ్లీ దిగబెట్టే డ్యూటీ నాది. క్లినిక్ పూచీ పడింది కాబట్టే ఈ హైబ్రిడ్ కారు నా చేతికొచ్చింది. డ్యూటీ పోతే కారూ పోతుంది. కారు పోతే నేను మళ్లీ వరండాలో కూర్చుని నలుగురి బట్టలూ మడతపెట్టుకోవాలి. ఆ డ్యూటీని తన డీజిల్ వ్యానుకి లాక్కోవాలని ఏడాదిగా కాచుక్కూచున్న మనిషి ఎవరో బయటివాడు కాదు, మా ఆయనకి స్వయానా అన్న, నాకు బావగారు. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం ఆయనే నేర్పాడు. వాలు కనిపిస్తే చాలు న్యూట్రల్లో వేసి దించమంటాడు కాబట్టి అందరూ న్యూట్రల్ మాస్టారంటారు. నేనైతే చాటుగా ఇంకా చాలా అంటాను.

పొద్దున్నే ఆయన క్లినిక్ మేనేజరుకి ఫోన్ చేశాడు. "ఆ బొమ్మకారు రోగులకి పనికిరాదని నేను మొదట్నించీ మొత్తుకుంటున్నా. ఇప్పుడు చూడండి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు మా మరదలు ఎవరి మీదో నెపం పెడుతుంది. నడిపింది ఆవిడ, బాధ్యత ఆవిడది" అన్నాడట. మేనేజరే నాకా మాటలు పొల్లు పోకుండా అప్పజెప్పాడు. అందుకే ఈ పంచాయితీ.

వర్క్‌షాపులో నా కారు రెండు తలుపులూ తెరుచుకుని నిలబడి ఉంది. మేస్త్రి మోచేతుల దాకా దళసరి రబ్బరు తొడుగులు వేసుకుని దాని చుట్టూ తిరుగుతున్నాడు. ఈయన్ని సణుగుడు మేస్త్రి అంటారు. పని బాగా తెలిసిన మనిషే గానీ, ఏది చెప్పినా తనలో తాను చెప్పుకున్నట్టే చెబుతాడు, వినదల్చుకున్నవాళ్లు దగ్గరికెళ్లి వినాలి.

మేనేజరు అట్టకి తగిలించిన కాగితం పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. బావగారు ఇంకా రాలేదు. వస్తే తెలుస్తుందిగా! ఆ వ్యాను వీధి చివర ఉండగానే షట్టర్లు గడగడలాడతాయి. స్టార్ట్ చేసేటప్పుడైతే ఇంకా చూడాలి. మూడోసారి తాళం తిప్పితే గానీ లేవదు. మొదటిసారి దగ్గుతుంది, రెండోసారి మూలుగుతుంది, మూడోసారి చుట్టుపక్కల పిల్లలంతా నిద్రలేచి ఏడ్చేలా అరుస్తుంది. పెళ్లయి వచ్చినప్పట్నించీ ఆ ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టడం నాకు అలవాటైపోయింది.

వచ్చాడు. గేటు బయట వ్యాను ఆపి, చొక్కా సర్దుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏమ్మా, నీ మూగబండి నోరు విప్పిందా?"

"విప్పుతుంది బావగారూ. మీ వ్యానులాగా ఊరంతా వినేట్టు అరవదు, అంతే తేడా."

"అరిచేది కనీసం బతికుందని తెలుస్తుంది. మూగది ఎప్పుడు చచ్చిందో ఎవరికి తెలుసు? నీకే తెలీలేదుగా నిన్న."

"ఇద్దరూ కాస్త ఆగండి" అన్నాడు మేనేజరు. "మీ ఇంటి గొడవలు మీ ఇంట్లో పడండి. నాకు ఒక్కటే కావాలి. ఈ కాగితంలో 'కారణం' అని ఒక గడి ఉంది. అది నింపి, మేస్త్రి చేత సంతకం పెట్టించి ఐదింటిలోపు పై ఆఫీసుకి పంపాలి. డ్రైవరు తప్పయితే ఈవిడ డ్యూటీ ఇవాళ్టితో సరి. కారు తప్పయినా అంతే, ఈవిడ డ్యూటీ సరి. మూడోది ఏదైనా ఉంటే చెప్పండి."

వినండి ఆ న్యాయం! తిరగేసినా బోర్లేసినా నా మెడకే.

"ముందు ఈ బండి ఎట్లా నడుస్తుందో ఎవరైనా చెప్పండి" అంది టీచరమ్మ. "లెక్కేమిటో తెలీకుండా నేను జవాబు దిద్దలేను."

"చెప్పడానికేముంది టీచరుగారూ" అన్నాడు బావగారు. "ఒకే ఒరలో రెండు కత్తులు. పెట్రోలు ఇంజనొకటి, కరెంటు మోటారొకటి. రెండూ కొట్టుకుని చచ్చాయి."

మేస్త్రి సణిగాడు. టీచరమ్మ కర్రతో నేలమీద తట్టింది. "గట్టిగా."

"కొట్టుకోవండీ, పని పంచుకుంటాయి అంటున్నా" అన్నాడు మేస్త్రి. "ఇద్దరు తోడికోడళ్లు సఖ్యంగా ఉన్న ఇల్లనుకోండి."

"అట్లాంటి ఇల్లు నేను చూళ్లేదు" అంది టీచరమ్మ.

"నేనూ చూళ్లేదు. అనుకోమన్నాను. బయల్దేరేటప్పుడూ, ట్రాఫిక్కులో మెల్లగా పాకేటప్పుడూ మోటారు లాగుతుంది. ఇంజను పడుకునే ఉంటుంది. సిగ్నల్లో ఆగితే ఇద్దరూ గమ్మునుంటారు, చుక్క పెట్రోలు కాలదు. ఎత్తు వచ్చినా, వేగం కావాలన్నా ఇంజను లేచి తనూ ఒక చెయ్యి వేస్తుంది. ఇంక బ్రేకు సంగతి. మామూలు బండిలో బ్రేకు తొక్కితే బండి ఊపంతా చక్రాల దగ్గర వేడైపోయి గాలిలో కలుస్తుంది. ఇందులో ఆ మోటారే తిరగబడి పనిచేసి ఆ ఊపుని కరెంటు చేస్తుంది. దాన్ని తీసుకెళ్లి వెనక సీటు కిందున్న బ్యాటరీలో దాచుకుంటుంది. వాలు దిగేటప్పుడు నింపుకుంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు వాడుకుంటుంది."

"అయితే గోడకి ప్లగ్గు పెట్టక్కర్లేదు?" అంది టీచరమ్మ.

"దీనికి అక్కర్లేదు. తాగేది పెట్రోలే, కాకపోతే పారబొయ్యదు. బ్రేకులు కూడా త్వరగా అరగవు."

నేను ఊరుకోలేకపోయాను. నా నోరు ఎప్పుడు ఊరుకుంది గనక! "టీచరుగారూ, మీరే చెప్పండి. డయాలసిస్ అయ్యాక డీజిల్ వాసన తగిలితే కడుపులో తిప్పుతుందని వ్యాను ఎక్కనన్నది మీరు కాదూ? నా కారులో ఎప్పుడైనా తిప్పిందా? అదురుందా? మీకోసం గేటు దగ్గర ఆగి ఉన్నా ఇంజను మోగకుండానే ఏసీ చల్లగా వస్తుందా, రాదా? చలేస్తుందంటే మీ ఇంట్లోంచి మీ దళసరి రగ్గు తెచ్చి పెట్టాను. వెనక సీటు పక్కన ఏదో గాలి చప్పుడు, ఈల వేస్తున్నట్టుంది, నిద్ర పట్టట్లేదన్నారు. ఆ మూలకే రగ్గు మడతపెట్టి కుక్కి ఆ కాస్త చప్పుడూ లేకుండా చేశానా, లేదా?"

"చేసింది, నిజమే" అంది టీచరమ్మ. "నెల్లాళ్లుగా హాయిగా నిద్రపోతున్నా."

మేస్త్రి ఎందుకో తలెత్తి నా వైపు చూశాడు.

"పాఠం బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు బావగారు. "మరి నిన్న కొండమీద మీ తోడికోడళ్లిద్దరూ ఏ పుట్టింటికెళ్లారు?"

"అది బండే చెబుతుంది" అని మేస్త్రి స్టీరింగు కింద వైరు గుచ్చి, చేతిలో పలకలాంటి స్కానర్ వెలిగించాడు. "ఏ గేరు, ఎంత వేగం, ఎంత చార్జి, అన్నీ రాసి పెట్టుకుంటుంది. దీనికి మొహమాటం లేదు." వేలితో ఒక్కొక్క వరసా జరుపుతూ పోయి ఒకచోట ఆగాడు. "నిన్న పదకొండు దాటాక బండి ఎక్కడుందమ్మా?"

"క్లినిక్ షెడ్డులో."

"లేదు. కొండ దిగింది. తొమ్మిది కిలోమీటర్లు, గేరు న్యూట్రల్. తర్వాత ఎక్కడో నిలబడింది. యాభై నిమిషాలు. వేగం సున్నా, ఏసీ ఫుల్లు, గేరు మళ్లీ న్యూట్రల్. చార్జి పడిపోయి పడిపోయి అడుగంటింది."

పదకొండు నుంచి పన్నెండున్నర దాకా నేను టీచరమ్మ మంచం పక్కన కూర్చుని ఆవిడకి పేపరు చదివి వినిపిస్తున్నాను. ఆ మాటే అన్నాను. ఆవిడ తలూపింది. "వాతావరణం కూడా చదివింది" అంది.

"తాళం ఇంకోటుందా?" అన్నాడు మేనేజరు.

"మా ఆయన దగ్గరుంది" అంటూ నేను తిరిగి చూద్దును గదా, బావగారి చెయ్యి చొక్కా జేబు మీదకి పోయింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు! నాకిక సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"తీసుకున్నాను, అయితే ఏంటి?" అన్నాడు ఆయన. "నా తమ్ముడి బండి."

"తమ్ముడిది కాదు, నాది!"

"సరే నీదే. లైసెన్సు ఆఫీసులో పనుండి వెళ్లాను. వ్యాను టైరు పంక్చరైంది, తమ్ముణ్ణి తాళం అడిగితే ఇచ్చాడు. ఏం చేశానని? గీత పడిందా? సొట్ట పడిందా? కొండ పైనుంచి కిందిదాకా చుక్క పెట్రోలు కాల్చకుండా దించాను. ముప్పై ఏళ్లుగా ఆ కొండ నేను న్యూట్రల్లోనే దించుతున్నాను. నీ హైబ్రిడ్ ఏడాదికి మిగిల్చేది నేను ఒక్క పూటలో మిగిల్చి చూపిద్దామనుకున్నా."

"మిగల్చలేదు మాస్టారూ, తగలేశారు" అన్నాడు మేస్త్రి. ఈసారి అందరికీ వినబడేలాగే అన్నాడు. "న్యూట్రల్లో వేస్తే మోటారు చేతులు ముడుచుకుంటుంది. వాలులో ఊరికే రావాల్సిన కరెంటు ఒక్క రవ్వ రాలేదు. డ్రైవ్ గేరులో ఉంచి కాలు తీసేసి ఉంటే చాలు, కొండ దిగేసరికి బ్యాటరీ నిండుకుండలా ఉండేది. పైగా న్యూట్రల్లోనే నిలబెట్టి ఏసీ వేసుకున్నారు. ఆ గేరులో ఇంజను తిరిగినా బ్యాటరీ నింపలేదు. పార్కింగు గేరులో పెట్టుంటే తన పాట్లు తనే పడేది. తెర మీద హెచ్చరిక రాలేదూ? కూత పెట్టలేదూ?"

"పెట్టింది" అన్నాడు బావగారు. గొంతు కొంచెం తగ్గింది. "సీటు బెల్టు కోసమేమో అనుకున్నా."

"నిలబడ్డ బండికి బెల్టేమిటి?"

"నాకేం తెలుసయ్యా! ఊరికే మెరుస్తోందని తెర మీద నా తువ్వాలు కప్పాను."

అంతే. ఇంక నన్ను పట్టుకోవడం ఎవరి తరం కాలేదు.

"తువ్వాలు కప్పారా! బండి నెత్తీ నోరూ మొత్తుకుంటుంటే దాని మొహాన తువ్వాలు కప్పారా! ఇదా మీ ముప్పై ఏళ్ల అనుభవం? పొద్దున్నే మేనేజరుగారికి ఫోన్ చేసి నా మీద చాడీలు చెప్పినప్పుడు ఈ తువ్వాలు సంగతి గుర్తు రాలేదా బావగారూ? నా కారు అడక్కుండా ఎత్తుకెళ్లి, పాడు చేసి, ఏమీ ఎరగనట్టు తెచ్చి షెడ్డులో పెట్టి, అది ఆగిపోతే నాకు నడపడం రాదని ఊరంతా చాటిస్తారా?"

"నోరు అదుపులో పెట్టుకో. క్లచ్చుకీ బ్రేకుకీ తేడా నీకు చెప్పింది ఎవరు?"

"మీరే! మీరు చెప్పారు కాబట్టే ఇప్పుడు భయమేస్తోంది, ఇంకా ఎన్ని తప్పులు నేర్పారో అని!"

"ఇంకో పేజీ ఉంది" అని సణిగాడు మేస్త్రి.

"ఉండు మేస్త్రీ! మీ దగ్గర నేర్చుకున్న ప్రతివాడినీ పిలిచి చెప్పాలి బావగారూ, ఆయన పాఠం మర్చిపోండ్రా నాయనా అని. నిన్న ఈవిడకి ఏమైనా అయ్యుంటే? ఆ మలుపులో ఈవిడ కళ్లు మూసుకుంటే ఎవరు జవాబు చెప్పేవాళ్లు? మీ తువ్వాలా? మీ చేతికి తాళమివ్వడమూ పసివాడి చేతికి కత్తివ్వడమూ ఒకటే. ఆ బోర్డు పీకేసి ఇంట్లో కూర్చోండి. బస్సెక్కడానికి కూడా పక్కన మనిషిని తోడు పెట్టుకోండి!"

"అమ్మా, ఇంకో పేజీ..."

"ఉండమన్నానా!"

బావగారి మొహం ఎర్రగా అయి, తర్వాత రంగే లేకుండా పోయింది. తిరిగి తిడతాడనుకున్నా. తిడితే బాగుండుననిపించింది, నా దగ్గర ఇంకా సరుకుంది. ఆయన తిట్టలేదు. నన్ను దాటుకుని వెళ్లి టీచరమ్మ ముందు నిలబడ్డాడు.

"అమ్మా" అన్నాడు. "నాకీ బండి గురించి తెలీదు. తెలీదని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. మీకు జరిగినదానికి నాదే తప్పు."

ఇరవై ఏళ్లలో ఆ మనిషి నోట 'నాదే తప్పు' అన్న మాట నేను వినలేదు. మా అత్తగారు పోయినప్పుడు కూడా డాక్టరుదే తప్పన్నాడు.

టీచరమ్మ పక్కనున్న స్టూలుని కర్రతో ఆయన వైపు జరిపింది. "కూర్చోండి మాస్టారూ" అంది. ఆయన కూర్చోలేదు.

మేనేజరుకి మూడోది దొరికింది, ఇంకేం కావాలి! "రాసేస్తున్నా" అన్నాడు. "ఈవిడ డ్యూటీకి ఢోకా లేదు. మాస్టారూ, మా స్టాఫుని తీసుకొచ్చే పని మీ వ్యానుకి ఉంది చూశారా, అది ఇవాళ్టితో ఆపేస్తున్నాం. మా డ్రైవర్లకి మీరిచ్చే ట్రైనింగు కూడా. పేషెంటు ప్రాణానికి సంబంధించిన విషయం, మిగతా క్లినిక్కులకీ తెలియజెయ్యాలి. ఏమీ అనుకోవద్దు." కాగితం పట్టుకుని మేస్త్రి ఆఫీసు గదిలోకి వెళ్లి ఫోన్ అందుకున్నాడు.

బావగారు జేబులోంచి రెండో తాళం తీసి నా కారు బానెట్ మీద పెట్టాడు. చప్పుడు కాకుండా, జాగ్రత్తగా పెట్టాడు, గీత పడకుండా. నా మొహంలోకి చూడకుండా గేటు వైపు నడిచాడు. మామూలుగా ఆయనది దబదబా నడక. ఇప్పుడు చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్తున్నాడు.

నేను గెలిచాను. నిజం చెబుతున్నా, ఒళ్లంతా చల్లగా హాయిగా అనిపించింది. ఆ హాయి ఎంతసేపు ఉందంటే, మేస్త్రి నన్ను కారు వెనక తలుపు దగ్గరికి పిలిచేదాకా ఉంది.

"ఇప్పుడు వింటావా?" అన్నాడు. ఎప్పుడూ 'మీరు' అనేవాడు, 'నువ్వు'లోకి దిగాడు. స్కానర్ నా కళ్ల ముందు పెట్టాడు. "రెండో పేజీ. కొండమీద ఆగిన క్షణం. చార్జి ఎంతుందో చదువు."

"యాభై రెండు."

"సగానికి పైన. మాస్టారు అడుగంటించిన మాట నిజమే. కానీ తిరిగొచ్చేటప్పుడు డ్రైవ్‌లోనే వచ్చాడుగా, ఇంజను దారి పొడుగునా నింపుకుంటూ వచ్చింది. నువ్వెక్కేసరికి బండికి ఆకల్లేదు. ఆ పక్క అంకె చదువు."

"అరవై ఒకటి."

"బ్యాటరీ వేడి. అంత వేడిలో అది ఇంక పనిచెయ్యనని చేతులెత్తేస్తుంది. ఎత్తెయ్యకపోతే తగలబడుతుంది కాబట్టి. నీ బండి ఆకలికి ఆగలేదు, ఊపిరాడక ఆగింది." వెనక సీటు పక్కకి వంగి వేలు చూపించాడు. "దానికి ముక్కు ఇక్కడుంది."

అక్కడ ఆ రగ్గుంది. నాలుగు మడతలు వేసి, సందు లేకుండా, నా చేత్తో నేను కుక్కిన రగ్గు. మేస్త్రి దాన్ని పట్టి లాగాడు. వెనక అరచేయంత ప్లాస్టిక్ జాలీ, దాని నిండా బూడిదరంగు నూగు దిమ్మెలా కట్టుకుపోయి ఉంది. జాలీ పక్కనే చిన్న చీటీ అంటించి ఉంది. 'ఇక్కడ ఏమీ అడ్డు పెట్టరాదు.'

"టీచరమ్మ విన్న ఈల ఈ లోపలి ఫ్యానుదే" అన్నాడు మేస్త్రి. "మామూలు బండిలో అయితే ఆ చప్పుడు వినపడనే వినపడదు. బండి మూగది కాబట్టి వినపడింది. అది గాలి పీల్చుకుంటుంటే నువ్వు ముక్కు మూశావు. కారు ఇచ్చిన రోజు నేను చెప్పాను. నువ్వు సంతకం కూడా పెట్టావు. ఆ రోజు కూడా 'ఉండు మేస్త్రీ' అన్నావు."

ఆ చీటీని మళ్లీ ఒకసారి చదివాను.

"ఆయన..." అన్నాను. "ఆయన నడిపినప్పుడు వేడెక్కి ఉండొచ్చుగా?"

"కొంచెం. నెల్లాళ్లుగా నూగు పట్టుకుంటూ వచ్చి నిన్నటికి పూర్తిగా మూసుకుపోయింది. ఫ్యానుకి గాలి ఆడితే పది నిమిషాల్లో చల్లారేది. చల్లారనివ్వంది ఇది." రగ్గుని నా చేతుల్లో పడేశాడు. "నేను అబద్ధానికి సంతకం పెట్టను. అట్లాగని నీ పొట్ట కొట్టడానికి పరిగెత్తుకుంటూ వెళ్లనూ వెళ్లను. మొదటి పేజీ నిజమే, రెండోదీ నిజమే. మేనేజరు ఒకే గడి అన్నాడు. ఏ పేజీ ప్రింటు తియ్యాలో నువ్వే చెప్పు. చేతులు కడుక్కొస్తాను." కుళాయి దగ్గరికి వెళ్లిపోయాడు. ముసలి నక్క! తనకి మాత్రం చేతులు కడుక్కునే వీలుంది.

ఆఫీసు గదిలోంచి మేనేజరు గొంతు వినిపిస్తోంది. "అవునండీ, ఆ డ్రైవింగ్ స్కూలాయనే. ఆఁ, రాసుకోండి, అన్ని బ్రాంచీలకీ చెప్పండి."

నాకు అప్పుడే గుర్తు రావాలా? ఇరవై ఏళ్ల కిందట మా అత్తగారు ఆడమనిషికి బండెందుకంది. మా ఆయన తనకి తెలిసిన ఒకే ఒక్క మాట, 'పోనీలే' అన్నాడు. ఈ బావగారే వ్యాను తెచ్చి గుమ్మం ముందు ఆపి, "దీనికి కాళ్లూ చేతులూ ఉన్నాయా లేవా? ఎక్కమ్మా" అన్నాడు. ఎక్కాను. మొదటి రోజే గోడకి గుద్దాను. "నా తప్పే, బ్రేకు సంగతి ముందు చెప్పలేదు" అన్నాడు ఇంట్లో. ఇందాక ఆయన నోట ఎప్పుడూ వినలేదన్నానే, అబద్ధం. ఒకసారి విన్నాను. నా కోసమే అన్నాడు, నేనే మర్చిపోయాను.

అయితే ఏం? వెధవ జాలి! ఆయన నా డ్యూటీ ఊడగొట్టాలని చూశాడా లేదా? నా కారు ఎత్తుకెళ్లాడా లేదా? రెండో పేజీ నేను చూడనే లేదనుకుంటే ఎవరికి తెలుస్తుంది? రగ్గు దులిపేస్తే సరి, జాలీ మేస్త్రి తుడిచేస్తాడు. నేను రగ్గు దులపబోయాను.

"అమ్మాయ్, నా రగ్గు బండిలోనే ఉండిపోయింది. ఇటివ్వు."

టీచరమ్మ. కర్ర పొడుచుకుంటూ నా వెనక్కే వచ్చి నిలబడింది.

"మురికిగా ఉందండీ, ఉతికి తెస్తాను."

"నాదేగా, ఇవ్వు." లాక్కుంది. విప్పింది.

లేత పసుపు రగ్గు అది. దాని మధ్యలో, అరచేయంత మేర, నల్లటి దుమ్ముతో అడ్డగీతలు పడ్డాయి. తొమ్మిది గీతలు, స్కేలు పెట్టి గీసినట్టు సమాన దూరంలో ఉన్నాయి. ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని ఆ గీతల్ని చూసింది. తర్వాత వంగి సీటు పక్కనున్న జాలీని చూసింది. దాని అడ్డపుల్లలు కూడా తొమ్మిదే. పక్కనున్న చీటీ చదివింది. నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి, ఆవిడకి ఎంతసేపు కావాలి?

నేను ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యెత్తింది, క్లాసులో ఎత్తినట్టు.

"నాకు నిద్రపట్టాలని చేశావు. అది నాకు తెలుసు" అంది. రగ్గుని మురికి లోపలికి వచ్చేలా మడతపెట్టింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు. చంకలో పెట్టుకుంది. "అతనికి ఈ రగ్గు సంగతి తెలీదు. తప్పు తనదే అనుకుని పోతున్నాడు. నేను మేనేజరుకి ఏమీ చెప్పను, అమ్మాయ్. ఎవరి లెక్క వాళ్లే దిద్దుకోవాలి. కానీ ఎల్లుండి పొద్దున నీ కారు ఎక్కాలా వద్దా అన్నది మాత్రం ఇప్పుడు చూసి తేల్చుకుంటా."

కుర్చీ దాకా నడిచి, గేటు కనబడేలా తిప్పుకుని కూర్చుంది.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నేను జారవిడిచిన మాటలన్నీ ఇంకా ఆ షెడ్డులోనే తిరుగుతున్నాయి. వాటిని తీసుకోవాలంటే ఇంకొక్క మాట అనాలి. అంటే డ్యూటీ పోతుంది, కారు పోతుంది. నోరు మూసుకుంటే రెండూ ఉంటాయి, ఆయన పేరు మాత్రం పోతుంది.

"మేస్త్రీ, ఆ ప్రింటు తెస్తున్నావా?" అని మేనేజరు లోపల్నించి కేకేశాడు. కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.

గేటు బయట వ్యాను తలుపు పడింది. బావగారు తాళం తిప్పాడు. వ్యాను దగ్గింది.

ఒకటి.

మూడోసారికి వ్యాను లేస్తుంది, ఆయన వెళ్లిపోతాడు. టీచరమ్మ నన్నే చూస్తోంది. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ స్కానర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, ఏ పేజీ అన్నట్టు.

వ్యాను మూలిగింది.

రెండు.